మాయాబజార్: వెలుగే మాయ

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1957లో విడుదల చేసిన మాయాబజార్‌లో వెలుతురు అలంకారం కాదు, కథ నడిపే శక్తి. 'లాహిరి లాహిరి' పాటలో పడవ మీదికి మొదట శశిరేఖాభిమన్యులు, తర్వాత రుక్మిణీ కృష్ణులు, చివరికి రేవతీ బలరాములు వస్తారు. జంటలు మారినా నీటి మీద మెరిసే వెన్నెల మారదు. చూసేవారికి ప్రియమైనదాన్ని చూపే ప్రియదర్శిని పెట్టె మరో వెలుగు. అందులో శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తే, కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. లోపలి కోరికను బయటి బొమ్మగా చూపే ఈ పద్ధతి అధివాస్తవికతకు దగ్గరిది, దర్శకుడు ఆ ఉద్యమానికి చెందినవాడు కాకపోయినా.

ఆ వెన్నెల ఘనత ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీదేనన్న వాదన ఉంది. ఎల్.వి.ప్రసాద్ తీసిన మిస్సమ్మ (1955)లోనూ ఆయన వెన్నెల పండించారు కాబట్టి, నైపుణ్యం వరకు అది నిజమే. అయితే ఆ వెలుగును మూడు జంటలకూ పంచి, మాయను ఇంటి ముచ్చటగా మార్చింది కె.వి.రెడ్డి కథనం. ఆ వెలుగుకు తోడైన పాటల్లో ఉత్తరాంధ్ర పాలు కూడా ఉంది: 'లాహిరి' బాణీ సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుది. 'అహ నా పెళ్ళియంట'లో మాయా శశిరేఖ గొంతు విజయనగరం ఆడపడుచు పి.సుశీలది. 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది. బార్ట్‌లీ వెన్నెలను చూడదలచినవారు మాత్రం నలుపు తెలుపు ప్రతినే చూడాలి.