బిగువును కొలుచు పానా

నట్టును బిగించుట చేతికి వచ్చిన విద్యయే కాని, ఎంత బిగించితిమో చెప్పుట చేతికి సాధ్యము కాదు. ఒకే పనివాడు ఉదయమున బిగించిన బిగువు వేరు, అలసిన సాయంకాలమున బిగించిన బిగువు వేరు. తక్కువైనచో నట్టు అదురునకు వదులగును. ఎక్కువైనచో బోల్టు సాగి తెగును. బస్సు చక్రమునకును, విమానపు యంత్రమునకును ఈ రెండును ప్రమాదములే.

1918లో న్యూయార్కు నగర నీటిసరఫరా శాఖలో పనిచేయుచుండిన కాన్రాడ్ బార్, భూమిలోపలి గొట్టముల అతుకులకడ బోల్టులు మితిమీరి బిగియకుండుటకై టార్క్ రెంచిని, అనగా బిగువును కొలుచు పానాను, కల్పించెనని చెప్పుదురు. తరువాత, నియమించిన బలము చేరగానే ‘టిక్కు’మని పలుకు పానాలు వచ్చినవి. వాని పిడిలో అణగియున్న స్ప్రింగే మనకు తూకపు రాయి.

అయితే రాయి అరుగును, స్ప్రింగు అలయును. పని ముగిసిన పిదప అడుగు గుర్తునకు దింపక, బిగించినది బిగించినట్లే పెట్టెలో ఉంచినచో స్ప్రింగు బలము క్రమముగా తగ్గవచ్చును. లోపలి కందెన ఎండిపోవును. నేలపై పడిన దెబ్బకు భాగములు కదలును. పానా ఎప్పటివలెనే టిక్కుమనుచుండును, కాని ఆ మాట నిజము కాకపోవచ్చును. కనుకనే ఐ.ఎస్.ఓ. 6789 అను అంతర్జాతీయ ప్రమాణము, వాడువారు వేరు గడువు నిర్ణయించుకొననిచో, 12 మాసములకు గాని 5,000 మారులు వాడిన పిదప గాని, ఏది ముందైన అప్పుడు సరిచూడవలెనని చెప్పుచున్నది.

సరిచూచు సూత్రము ఆర్కిమిడీసు నాటి తులాదండ న్యాయమే. పానా తలను కదలకుండ అడ్డముగా బిగించి, తల నడిమి నుండి అర మీటరు దూరమున 10 కిలోల తూకమును వ్రేలాడదీసినచో, పిడి బరువును విడిచి లెక్కింపగా, పడు బలము సుమారు 49 న్యూటన్ మీటర్లు. పాత పానాపై అడుగు-పౌను గుర్తులున్నచో, ఒక్కొక్కటి 1.356 న్యూటన్ మీటర్లుగా మార్చుకొనవలెను. నేటి పరీక్షాశాలలలో విద్యుత్ సాధనములు ఈ పనిని చేయుచున్నవి.

మరి ఆ తూకము నిజమని ఎవరు చెప్పవలెను? ఒకప్పుడు మన దేశమున ఊరికొక సేరు, అంగడికొక రాయి ఉండెడివి. 1956లో చట్టము చేసికొని మెట్రిక్ పద్ధతిని స్వీకరించితిమి. క్రొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయందు 57వ సంఖ్య గల ప్లాటినము-ఇరిడియము కిలోగ్రాము కలదు. దానికి మాతృక పారిస్ చెంత సెవ్ర్‌లో ఉన్నది. 2019 మే 20 నుండి కిలోగ్రాము ఆ లోహపు ముద్దను విడిచి, ప్లాంకు స్థిరాంకమును ఆశ్రయించినది. మూలనున్న పానా నిజము సయితము ఇట్లు మెట్టుమెట్టుగా ప్రకృతి నియమమును చేరుచున్నది.

పాత పానాను సరిచేయించునపుడు మనము మరువరానిది ఒకటి కలదు. మరలను త్రిప్పకముందే, అది ఉన్న స్థితిలో ఏమి చూపుచున్నదో వ్రాయించుకొనవలెను. సరిచేసిన పిదప వచ్చు అంకె రేపటి పనికి హామీ. ముందు చూచిన అంకె నిన్నటి పనికి సాక్షి. పానా చెప్పినదానికన్న తక్కువ బిగువే పడుచుండెనని తేలినచో, దానితో బిగించిన చక్రములను మరల వెదకి పట్టుకొని చూడవలెను. ముద్ర పడిన పత్రము ఒక్కటే చాలునని ఇంటికి తెచ్చుకొన్నచో, పానా బాగుపడును గాని, దారిన పోవుచున్న బండి బాగుపడదు.