గి-మాటలు, చదువురానివారు, వర్ణస్పృహ

మా అమ్మమ్మది వేలిముద్ర. ఇంట్లోకి ఫ్రిజ్ దిగిన రోజునే ‘ఫ్రిజ్జూ వద్దు గిజ్జూ వద్దు, నా కుండ నాకు చాలు’ అంది. అంతకుముందు ఆ వస్తువు పేరు ఆమె నోట పలికింది లేదు. మరి మొదటి హల్లుల జంటనూ దాని అచ్చునూ కచ్చితంగా అక్కడికే తెంపి ‘గి’ అతికించడం ఎవరు నేర్పారు?

మాటలోని ఒక్కో ధ్వనిని విడిగా పట్టుకునే ఇలాంటి ఎరుకనే వర్ణస్పృహ అంటారు. అది ఆల్ఫబెట్ చదువుతోనే వస్తుందన్న వాదానికి ఆధారం 1979లో ‘కాగ్నిషన్’ పత్రికలో జోసె మొరాయిస్ బృందం ప్రచురించిన వ్యాసం. పోర్చుగల్‌లో చదువురాని పెద్దలు మాట మొదట ఒక హల్లు చేర్చమన్నా, ఉన్నది తీసేయమన్నా తడబడ్డారు. అలాంటి బతుకులోంచే వచ్చి, పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవారు చాలా మెరుగ్గా చేశారు. 1986లో రీడ్ బృందం చైనాలో పిన్‌యిన్ (చైనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి) రానివారి దగ్గరా ఇదే చూసింది. నా తగువు వాళ్ల లెక్కలతో కాదు, అడిగిన తీరుతో. బడి మెట్టు ఎక్కని మనిషికి అర్థంలేని మాట వినిపించి ‘ముందున్న చప్పుడు తీసెయ్’ అంటే, తడబడేది చెవి కాదు, మర్యాద.

గి-మాటలు చూడండి. చెట్టు గిట్టు, పాలు గీలు, కోడి గీడి. అచ్చు ఏదైనా ‘ఇ’కారమే వస్తుంది, దీర్ఘం మాత్రం పోదు. అంటే అచ్చు గుణాన్ని దాని నిడివి నుంచి విడదీస్తున్నారు. చెంబు ‘గింబు’ అవుతుంది కానీ ‘గిబు’ కాదు. పుస్తకం ‘గిస్తకం’ అవుతుంది. అక్షరమే విడగొట్టరాని ముద్ద అయితే ఆ సున్న, ఆ సకారం దానితోపాటే పోవాలి. పోవడం లేదు. స్కూలు గీలు, ట్రాక్టరు గీక్టరు అన్నప్పుడు మన నుడిలో మొదట రాని జంట హల్లు సైతం మొత్తంగా ఊడుతుంది. బట్టీ పట్టిన జంటలైతే నిన్న వచ్చిన వస్తువుకు ఇవాళే జత ఎలా పుడుతుంది? ప్రతి అక్షరానికీ ‘క’ చేర్చి మాట్లాడే పిల్లల క-భాష ఇంత లోతుకు పోదు, అది అక్షరం దగ్గరే ఆగుతుంది.

1956లో భాషావేత్త ఎమెనో ఇలాంటి ప్రతిధ్వని పదాలను భారత భాషామండల లక్షణాల్లో చేర్చాడు. మనవాళ్లు ఆ జాబితాను వల్లించి ఊరుకున్నారు. మనోభాషాశాస్త్రజ్ఞులు అటు తొంగి చూసినట్టు నాకు కనబడదు.

వాడుక వేరు, ఎరుక వేరు అనేవాళ్లుంటారు. ఎరుక లేని కత్తెర ఇంత నేర్పుగా కత్తిరించదని నా జవాబు. కాబట్టి వర్ణస్పృహ లిపి పెట్టిన భిక్ష కాదు. తెలుగు నోటికి అది పలకాబలపం కన్నా ముందే ఉంది, బహుశా ఏ నోటికైనా అంతే. చదవడంలో వెనకబడ్డ మన పిల్లలకు పరీక్షలు తయారుచేసేవారు ఇంగ్లీషు నమూనాలను తెలుగులోకి దించే ముందు, ఆ పిల్లల చేత ఓ పది గి-మాటలు చెప్పించి వినాలని నా మనవి.