89 శాతం ఎటు పోయింది?

షువైఖ్ అనగానే కువైత్‌లో ఉండే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది సనాయియా. కార్ల గ్యారేజీలు, స్పేర్‌పార్టుల దుకాణాలు, టైర్ల కొట్లు. రాయచోటి నుంచో రాజంపేట నుంచో వచ్చిన డ్రైవరు బండి బాగు చేయించాలంటే చాలాసార్లు అక్కడికే పోతాడు. దగ్గర్లోనే ఓడరేవు, ఆసుపత్రుల సముదాయం, విశ్వవిద్యాలయ ప్రాంగణం. మనవాళ్లు అంతగా పట్టించుకోనిది ఇంకొకటుంది. ఆ దేశపు దినపత్రికల్లో చాలావాటి ఆఫీసులు ఉన్నది షువైఖ్‌లోనే. అక్కడి ఒక వీధి పేరే పత్రికా వీధి. 1961లో మొదలైన కువైత్ టైమ్స్ చిరునామా కూడా షువైఖే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగినప్పుడు షువైఖ్ కూడా దోపిడీ తప్పించుకోలేదు. అక్కడున్న శాస్త్ర పరిశోధన సంస్థను ఊడ్చుకుపోయారు. అల్ ఖబస్ పత్రిక లండన్ వెళ్లి అచ్చు వేసుకోవాల్సి వచ్చింది. ఇరాక్, కువైత్‌లలో చిక్కుకున్న దాదాపు లక్షా డెబ్భై వేల మంది భారతీయుల్లో ఎక్కువమంది జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కణ్నుంచి విమానాల్లో ఇళ్లకు వచ్చారు. వాళ్లలో కడప, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. 1991 ఫిబ్రవరి 26న కువైత్ విముక్తమైంది. ఇంకో రెండు రోజులకు కాల్పులు ఆగాయి. నేలమీద జరిగిన యుద్ధం 100 గంటలే.

కాల్పులు ఆగిన ఆ నాలుగైదు రోజుల్లోనే అమెరికాలో గాలప్ సంస్థ జనానికి ఫోన్లు చేసి ఒక ప్రశ్న అడిగింది. అధ్యక్షుడిగా జార్జ్ బుష్ పనితీరు మీకు సమ్మతమేనా? నూటికి 89 మంది సమ్మతమే అన్నారు. 1930లలో గాలప్ ఈ లెక్కలు మొదలుపెట్టాక అంతటి ఆమోదం ఏ అధ్యక్షుడికీ రాలేదు. 1945లో ట్రూమన్‌కు వచ్చిన 87 అప్పటిదాకా రికార్డు. తర్వాతి అధ్యక్ష ఎన్నికకు ఇంకా 20 నెలలుంది. అయినా వాషింగ్టన్‌లో చాలామందికి ఆ ఎన్నిక అప్పుడే అయిపోయినట్టు తోచింది.

1992 నవంబరు 3న ఓట్లు లెక్కపెడితే బుష్‌కు వచ్చింది 37.4 శాతం. రెండోసారి నిలబడిన అధ్యక్షుడికి, అందునా యుద్ధం గెలిచి వచ్చినవాడికి అది మామూలు ఓటమి కాదు. 89 ఎక్కడ, 37 ఎక్కడ? మధ్యలో ఉన్నవాళ్లంతా ఎటు పోయారు?

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది: సర్వే తప్పు. నాకు అలా అనిపించదు. ఆ సర్వే అడిగిన ప్రశ్నకు జనం నిజమే చెప్పారు. వాళ్లను అడిగింది ఇతనికి ఓటేస్తారా అని కాదు, ఈ పని బాగా చేశాడా అని. రెండూ ఒకటే అనుకోవడం చదివినవాళ్ల పొరపాటు. 1945లో బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. జర్మనీ లొంగిపోయిన మే నెలలో చర్చిల్ పనితీరును 83 శాతం మెచ్చుకున్నారని అక్కడి గాలప్ చెప్పింది. ఓటు ఎవరికి అని విడిగా అడిగితే లేబర్ పార్టీ ముందుంది. ఆ రెండో లెక్కను దాదాపు ఎవరూ నమ్మలేదు, పార్టీల పెద్దలు కూడా. జూలై 26న ఫలితాలు వచ్చేసరికి చర్చిల్ మాజీ ప్రధాని. అక్కడ సర్వే సరిగ్గానే ఉంది, నమ్మినవాడే లేడు. యుద్ధమో పెద్ద ఆపదో వచ్చినప్పుడు జనం నాయకుడి వెనక చేరతారని, ఆ తర్వాత మెల్లగా ఎవరి దారిన వాళ్లు పోతారని జాన్ మ్యూలర్ అనే రాజనీతి పండితుడు 1970లోనే లెక్కలు కట్టి చూపించాడు. 1991లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసీ 89 ముందు తలవంచారు.

ఆ అంకె చేసిన అసలు పని అదే. ఎవరు గెలుస్తారో అది చెప్పలేకపోయింది గానీ, ఎవరు నిలబడరో మాత్రం తేల్చేసింది.

డెమొక్రటిక్ పార్టీలో అప్పటికి పెద్ద పేర్లకు కొదవ లేదు. రిచర్డ్ గెఫార్ట్ వద్దన్నాడు. బిల్ బ్రాడ్లీ వద్దన్నాడు. జే రాక్‌ఫెలర్ ఆలోచించి వెనక్కి తగ్గాడు. అల్ గోర్ కుటుంబం కోసమని తప్పుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు అతని కొడుకు రోడ్డు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు కనుక ఆ మాటను శంకించనక్కర్లేదు. న్యూయార్క్ గవర్నర్ మారియో కువోమో కథ మరీ విచిత్రం. 1991 డిసెంబరు 20న, న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో పేరు నమోదుకు ఆఖరు రోజున, అతన్ని తీసుకెళ్లడానికి ఆల్బనీ విమానాశ్రయంలో విమానం సిద్ధంగా ఉంది. అతను ఎక్కలేదు. రాష్ట్ర బడ్జెట్ తెగలేదన్నాడు. ఆ నవంబరులోనే అమెరికన్ టీవీలో ఒక హాస్య కార్యక్రమం వచ్చింది. డెమొక్రాట్ నాయకులంతా వరసగా నిలబడి, బుష్ చేతిలో ఓడిపోయే అవకాశం నాకొద్దంటే నాకొద్దని వాదించుకుంటారు. దేశం నవ్వుకుంది.

పెద్దవాళ్లు ఖాళీ చేసిన బరిలోకి మొదట దిగింది పాల్ సాంగస్, ఏప్రిల్ 30న. అక్టోబరు 3న ఆర్కన్సా గవర్నర్ బిల్ క్లింటన్ దిగాడు. తన పార్టీ ఓటర్లలోనే అప్పటికి అతని బలం ఒక అంకె దాటలేదు. కువోమో, గెఫార్ట్, గోర్ అందరూ పోటీలో ఉంటే ఆ చిన్న రాష్ట్రపు గవర్నరుకు నామినేషన్ దక్కేదా? దక్కేది కాదని నా అనుమానం. అంటే 89 శాతం బుష్‌కు కోట కట్టలేదు. అతన్ని ఓడించబోయేవాడికి దారి ఊడ్చిపెట్టింది.

మారుతున్న గాలి మొదట పెన్సిల్వేనియాలో తెలిసింది. అక్కడి సెనేటర్ జాన్ హైన్జ్ విమాన ప్రమాదంలో చనిపోతే ఉప ఎన్నిక వచ్చింది. బుష్ మంత్రివర్గంలో అటార్నీ జనరల్‌గా ఉన్న రిచర్డ్ థోర్న్‌బర్గ్ పదవి వదులుకుని మరీ నిలబడ్డాడు. అతను ఆ రాష్ట్రానికి రెండుసార్లు గవర్నరు కూడా. ఎదురుగా హారిస్ వోఫర్డ్, ఓటర్లకు అంతగా తెలియని మనిషి. (ఈ వోఫర్డ్ యువకుడిగా భార్యతో కలిసి మన దేశం వచ్చి, గాంధీ మార్గాన్ని చూసి, 1951లో భారతదేశం మీద పుస్తకం రాశాడు. మన పత్రికలు అతన్ని ఎందుకు మరిచిపోయాయో తెలీదు.) మొదటి సర్వేల్లో థోర్న్‌బర్గ్ 40 పాయింట్లకు పైగా ముందున్నాడు. వోఫర్డ్ యుద్ధం మాట ఎత్తలేదు. నేరస్థుడికి లాయర్ని పెట్టుకునే హక్కుంటే రోగికి డాక్టరు దగ్గరికి వెళ్లే హక్కు ఉండొద్దా అని అడిగాడు. నవంబరు 5న దాదాపు 10 పాయింట్ల తేడాతో గెలిచాడు. అతని ప్రచారం నడిపిన జేమ్స్ కార్విల్, పాల్ బెగాలా ఆ తర్వాత క్లింటన్ దగ్గర చేరారు.

మర్నాడే, నవంబరు 6న, కువైత్‌లో మండుతున్న చమురు బావుల్లో చివరిదాన్ని మూశారు. ఇరాక్ సైన్యం పోతూ పోతూ 600కు పైగా బావులకు నిప్పు పెట్టింది. ఆ మంటలు ఆరేసరికి అమెరికా ఓటరు గల్ఫ్ సంగతి దాటి తన జీతం, తన ఆసుపత్రి బిల్లు గురించి ఆలోచిస్తున్నాడు. 1990 జూలైలో మొదలైన ఆర్థిక మాంద్యం లెక్కల ప్రకారం 1991 మార్చికే ముగిసింది. ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. 1992 జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతం. కొత్త పన్నులు వేయనని 1988లో ఇచ్చిన మాటను బుష్ 1990లో తప్పాడు. 1992 ఫిబ్రవరిలో న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో సొంత పార్టీ వాడే, పాట్రిక్ బుకానన్, 37 శాతం ఓట్లు లాక్కున్నాడు. ఆగస్టు మొదటికి గాలప్ లెక్కలో బుష్ ఆమోదం 29. యుద్ధమప్పటి 89లో మూడో వంతు.

ఆ ఏడాది ఎండాకాలం సర్వేలను నమ్ముకున్నవాడు ఇంకా ఘోరంగా దెబ్బతినేవాడు. జూన్‌లో గాలప్ ముక్కోణపు పోటీ లెక్క ఇదీ: టెక్సస్ కోటీశ్వరుడు రాస్ పెరో 39, బుష్ 31, క్లింటన్ 25. ఏ పార్టీ లేని మనిషి మొదటి స్థానంలో, చివరికి గెలిచినవాడు మూడో స్థానంలో. జూలై 16న పెరో తప్పుకున్నాడు, అక్టోబరు 1న మళ్లీ వచ్చాడు. నవంబరులో 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నా ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. క్లింటన్‌కు 43 శాతం, 370 ఎలక్టోరల్ ఓట్లు.

బుష్‌కు ఇది తెలియని ఆట కూడా కాదు. 1988 జూలైలో మైకేల్ డుకాకిస్ అతనికంటే 17 పాయింట్లు ముందున్నాడు. నవంబరులో బుష్ దాదాపు 8 పాయింట్ల తేడాతో, 40 రాష్ట్రాల్లో గెలిచాడు. ముందస్తు సర్వేను తలకిందులు చేసి వైట్‌హౌస్‌కు వెళ్లినవాడే నాలుగేళ్లకు అలాంటి సర్వేకే బలయ్యాడు.

1952 నుంచి 2008 దాకా జరిగిన అధ్యక్ష ఎన్నికల సర్వేలన్నిటినీ రాబర్ట్ ఎరిక్సన్, క్రిస్టఫర్ వ్లెజియన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకచోట పోగేసి 2012లో పుస్తకం వేశారు. ఎన్నికకు 300 రోజుల ముందటి సర్వేకూ చివరి ఫలితానికీ సంబంధం దాదాపు సున్నా అని తేల్చారు. ప్రైమరీలు నడిచేకొద్దీ సంబంధం పెరుగుతుంది, పార్టీల మహాసభలు అయ్యాక గట్టిపడుతుంది. అసలు ఏడాది ముందు ఎవరికి ఎవరు పోటీ అన్నదే తెలియదు. 2007లో హిల్లరీ క్లింటన్‌కూ రూడీ జూలియానీకీ మధ్య ఎన్ని సర్వేలు జరిగాయో! ఇద్దరికీ నామినేషనే రాలేదు. 2024 ఎన్నికలో బైడెన్, ట్రంప్‌ల పోటీ మీద ఏడాదికి పైగా సర్వేలు చేశారు. జూలై 21న బైడెన్ తప్పుకోవడంతో అవన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మనకూ ఇలాంటి కథ ఉంది, అదీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు బెంగళూరులో కూర్చుని, ఇందిరా గాంధీకి ఇష్టం లేకపోయినా, నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలిపింది. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి రాజీనామా చేసి స్వతంత్రుడిగా దిగారు. ఓటేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలే కనుక సర్వే అక్కర్లేదు. ఏ పార్టీకి ఎందరున్నారో కాగితం మీద కూడితే చాలు, సంజీవరెడ్డి గెలిచినట్టే. ఆ కూడికను అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్న ఇందిర ఒక్క పిలుపు చెరిపేసింది. ఆగస్టు 20న లెక్కింపులో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ కోటా దాటలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపితే ఓట్ల విలువ గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. పేరూ ఊరూ పార్టీ తెలిసిన కొన్ని వేల మంది ఓటర్ల లెక్కే అలా తప్పితే, కోట్ల మంది మనసు గురించి ఏడాది ముందు చెప్పే జోస్యం మాటేమిటి? సంజీవరెడ్డి మాత్రం ఎనిమిదేళ్లు ఆగి, 1977లో పోటీ లేకుండానే రాష్ట్రపతి అయ్యారు.

మన సర్వేల పిచ్చి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆంధ్రా ఆక్టోపస్ అని పేరు తెచ్చుకున్న లగడపాటి రాజగోపాల్ 2018 తెలంగాణలో, 2019 ఆంధ్రప్రదేశ్‌లో వరసగా తప్పి సర్వేలకు స్వస్తి చెప్పారు. అవి పోలింగ్‌కు దగ్గర్లో చెప్పినవి. గల్ఫ్‌లోని మనవాళ్ల ఫోన్లకైతే ఏడాది ముందు నుంచే సర్వేలు వస్తూ ఉంటాయి. వాళ్ల ఓటు మాత్రం వాళ్లు ఊరికి వచ్చి బూత్‌లో నిలబడితేనే పడుతుంది. 2010 చట్ట సవరణ ప్రవాస భారతీయులకు జాబితాలో చోటిచ్చింది గానీ, ఉన్నచోటి నుంచి ఓటేసే వీలు ఇవ్వలేదు.

మళ్లీ కువైత్‌కు వద్దాం. బుష్ ఓడడానికి దాదాపు నెలరోజుల ముందు, 1992 అక్టోబరు 5న, కువైత్‌లోనూ ఎన్నికలు జరిగాయి. పార్లమెంటును పునరుద్ధరిస్తామని 1990 అక్టోబరులో జిద్దా సమావేశంలో ప్రవాస పాలకులు ఇచ్చిన మాట మేరకు జరిగినవి. ఓటు హక్కున్న మగవాళ్లు 81 వేల మంది. స్త్రీలకు ఓటు 2005 దాకా రాలేదు. 50 స్థానాల్లో 30కి పైగా ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్లకు, వాళ్ల వైపువాళ్లకు దక్కాయి. అక్కడ గాలి ఎటు వీస్తోందో చెప్పేది గాలప్ కాదు, దివానియాలు. సాయంత్రం ఇంటి ముందు హాల్లో మగవాళ్లు కూర్చుని చాయ్ తాగుతూ లోకం గురించి వాదించుకునే చోటు. అభ్యర్థులు రాత్రికి అయిదారు దివానియాలు తిరిగేవారు. ఎవరు లేచి ఎదురొచ్చారు, ఎవరు కూర్చునే పలకరించారు అన్నది గమనించుకునేవారు. అది సర్వేకంటే నమ్మదగిందని నేననను, అయితే అక్కడ మొహం చూసి మాట్లాడాలి.

1993 ఏప్రిల్‌లో మాజీ అధ్యక్షుడు బుష్ కువైత్ వచ్చారు. విముక్తి ప్రదాతకు ఆ దేశం ఘనంగా స్వాగతం పలికింది. ఆ పర్యటనలోనే పేలుడు పదార్థాలు నింపిన బండితో ఆయన్ని చంపడానికి ఇరాక్ కుట్ర పన్నిందని కువైత్ ప్రకటించి కొందరిని అరెస్టు చేసింది. ఆ ఆధారాల మీద తర్వాత సందేహాలు వచ్చాయి గానీ అప్పటికి అమెరికా దర్యాప్తు సంస్థలు కుట్ర నిజమేనన్నాయి. జూన్ 26న బాగ్దాద్‌లోని ఇరాక్ నిఘా విభాగం ప్రధాన కార్యాలయం మీదికి అమెరికా 23 టోమహాక్ క్షిపణులు వదిలింది. ఆ ఆజ్ఞ మీద సంతకం బిల్ క్లింటన్‌ది.