నాలుగుకాళ్ల మంటపం - నేల చెప్పిన మాట

కోలారు సీమలో ఎటు వెళ్లినా కంటబడేవి మూడు: గుండ్లు, చెరువులు, మంటపాలు. గుండ్లు దేవుడు పెట్టినవి. చెరువులు పెద్దలు కట్టించినవి. ఈ రెంటి నడుమ మనుష్యుడు కాస్త నీడకోసం నిలుపుకొన్నవి మంటపాలు. పెద్ద దేవాలయాలను గురించి చరిత్రకారులు వ్రాశారు. రాజులను గురించి శాసనాలు చెప్పాయి. చెరువు గట్టున, కొండ దారిలో, ఊరిబయట తోపులో నిలిచిన నాలుగుకాళ్ల మంటపాన్ని పట్టించుకొన్నవారు తక్కువ. ఈ ఉగాది సంచికలో ఆ చిన్న కట్టడాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. గనులు మూతబడిన మన ఊళ్లో, ఒక ఉద్యానంలో, నలుగురు కూర్చునేందుకు చిన్న మంటపం ఉంటే బాగుండునన్న మాట మన ఇండ్లలో అప్పుడప్పుడు వినవస్తూనే ఉన్నది. కట్టేముందు, పెద్దలు ఎట్లా కట్టారో తెలుసుకొనటం మంచిది గదా!

ముందుగా ఈ నేల స్వభావం చెప్పుకోవాలి. కోలారు పీఠభూమి సముద్రమట్టానికి ఇంచుమించు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. ఏడాది పొడుగునా పారే నది ఇక్కడ లేదు. వాన సంవత్సరానికి సుమారు 700 మిల్లీమీటర్లు. అందుచేతనే పూర్వులు వేలకొద్ది చెరువులను గొలుసుగా కట్టారు. పై చెరువు అలుగు పారితే క్రింది చెరువు నిండుతుంది. చాలాచోట్ల మట్టి పొర పలుచన. కొంచెం త్రవ్వితే బండ తగులుతుంది. ఇక ఎండ సంగతి. ఈ సీమ 13వ అక్షాంశం మీద ఉన్నది. ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు నడుమ మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుస్తాడు. నడినెత్తి ఎండకు కప్పు చాలు, గోడలు అక్కరలేదు. ఉదయ సాయంకాలాల వాలుటెండ మాత్రం కప్పు క్రిందకు దూరుతుంది. దానికి ఒక చెట్టో, గుండో అడ్డం కావాలి. నాలుగు కంబాలు, ఒక కప్పు, ప్రక్కన ఒక రావిచెట్టు: ఈ ఏర్పాటు అందం కోసం పుట్టినది కాదు, ఎండ లెక్కలో నుంచి పుట్టినది.

ఈ లెక్క ఎంత పాతదో నందికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. 2007లో చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లా కాకముందు నంది కోలారు జిల్లాలోనిదే. కొండ ఎత్తు 4,851 అడుగులు. కొండ పాదాన భోగనందీశ్వరుడు, శిఖరాన యోగనందీశ్వరుడు. క్రింది ఆలయానికి 9వ శతాబ్ది ఆరంభపు శాసనాధారాలు ఉన్నాయి. నొళంబులు, బాణులు, చోళులు, హొయసలులు, విజయనగర ప్రభువులు ఒకరి తరువాత ఒకరు చేతనైనంత చేర్చుకొంటూ వచ్చారు. అక్కడి కల్యాణ మంటపం నల్లరాతి కంబాల మీది శిల్పానికి ప్రసిద్ధి. దానిని చూడనివారు చూసి తీరవలసినదే. కాని మేము పాఠకుల దృష్టిని దానికన్న ముందుగా కోనేటివైపు మళ్లించదలచాము. కొండమీద పడిన వాన ఎటు దిగుతుందో కనిపెట్టి, ఆ పల్లంలో మెట్లు దింపి, చుట్టూ వసారాలు కట్టారు. ఎండాకాలంలో అక్కడ కూర్చున్నవారికి నీటి చలువ, రాతి చలువ, కొండ నీడ మూడూ దక్కుతాయి. విసనకర్ర అవసరం తక్కువ.

ఆ కోనేటినే పినాకినికి పుట్టినిల్లుగా భక్తులు చెప్పుకొంటారు. అది ఐతిహ్యం. భూగోళ సత్యం కూడ దానికి దూరం కాదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఈ కొండల పరిసరాలలోనే పుట్టి తెలుగుదేశానికి దిగుతున్నాయి. పెన్న హిందూపురం మీదుగా అనంతపురం, కడప సీమలను తడిపి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి పుట్టపర్తి మీదుగా, పాపాఘ్ని కడప జిల్లాలోను పెన్నను చేరుకొంటాయి. పాలారు కూడ ఈ ఎత్తుల నుంచే దిగివస్తుంది. కనుక మనం పొట్ట చేతబట్టుకొని ఎక్కివచ్చిన ఈ సీమ, మన స్వగ్రామాల నీటికి తలాపు. పరాయిచోటికి వచ్చామన్న మాటలో సగమే నిజం.

కోలారు పట్టణాన్ని ఆనుకొని ఉన్న శతశృంగ పర్వతం మీది అంతరగంగ మరొక పాఠం చెబుతుంది. గుండ్ల నడుమ మెట్లెక్కి వెళితే కాశీవిశ్వేశ్వరుని గుడి. అక్కడ రాతి బసవని నోట ఊటనీరు ధారగా పడుతుంది. కరువు సీమలో కొండ కడుపున నీరు దొరకటమే ఆశ్చర్యం. అయితే గమనింపదగినది కట్టినవారి వినయం. గుడి ఊటను వెదుక్కుంటూ వచ్చింది. ఊటను గుడి దగ్గరకు లాగలేదు. ఆ కొండమీద గుండ్లను ప్రేల్చి చదును చేసి పెద్ద ప్రాకారం నిలపటానికి పూనుకొనలేదు. నీరున్నచోట గుడి, వీలున్నచోట మెట్టు, చెట్టున్నచోట విడిది. మిగిలినదంతా కొండకే వదిలారు.

ఇంతకూ ఈ రాతిపని ఎవరు చేశారు? శాసనాలలో రాజు పేరు, దాత పేరు ఉంటాయి. బండను చీల్చినవాని పేరు అరుదు. బండమీద వరుసగా రంధ్రాలు తొలచి, ఇనుప చీలలు దిగగొట్టి, ఒకదాని తరువాత ఒకదానిమీద సుత్తె దెబ్బ వేస్తూపోతే రాయి గీత గీసినట్లు విడిపోతుంది. పలుచని పలకలు కావాలంటే పరుపుబండ మీద మంట వేస్తారు. వేడికి పైపొర బిగువు తప్పి లేస్తుంది. ఈ విద్యలో ఆరితేరినవారు వడ్డెరలు. కన్నడదేశంలో వారిని బోవి అంటారు. చెరువు మట్టి త్రవ్వకం, రాయి కొట్టటం వారి కులవృత్తి. కన్నడ తమిళ దేశాలలో తరతరాలుగా స్థిరపడినా వారి ఇంటిభాష తెలుగే. అంటే, గనులకోసం మన తాతలు రాకముందే, చేత సుత్తె పట్టుకొని తెలుగు ఈ సీమకు వచ్చింది. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవలసినది.

రాతి గుణమే మంటపం కొలతను నిర్ణయించింది. నల్లరాయి బరువును మోస్తుంది గాని వంపును సహించదు. కంబానికి కంబానికి నడుమ దూరం ఎక్కువైతే పైపలక నడుమ పగులుతుంది. ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అర అడుగు మందం గల ఒక పలక సుమారు 600 కిలోల బరువుంటుంది. ఇరవైమంది మోకులు కట్టి ఎత్తినా తలకు 30 కిలోలు. కాబట్టి రాయిని దూరం మోయరాదు, మంటపాన్ని పెద్దది చేయరాదు. పునాది అక్కరలేని బండ చూసుకొని, నాలుగు కంబాలు నిలిపి, దూలాలు పరచి, పలకలు కప్పి, నీరు జారేటట్లు పైన సున్నపు గచ్చు వాలుగా వేస్తే పని అయిపోయినట్లే. రాళ్లు తమ బరువుతోనే ఒకదానినొకటి పట్టుకొంటాయి. చుట్టూ మోకాటి ఎత్తు తిన్నె. చూరు నాలుగువైపుల ముందుకు. చేతిలో ఉన్నది కొంచెమే అయినందువల్ల చోటు ఎన్నికలో పొరపాటుకు తావు ఉండరాదు. తెలివంతా అక్కడే ఖర్చుపెట్టారు.

తిరుమల కాలిబాట నడిచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అలిపిరి మొదలుకొని దారిపొడుగునా మంటపాలు ఉన్నాయి. మోకాళ్ల పర్వతం దగ్గర, ఆయాసం వచ్చినచోట కూర్చోవటానికి నీడ దొరికితే దాని విలువ ఎక్కేవానికే తెలుసు.

బెంగుళూరులో ఉండే మన కుటుంబాలవారు లాల్‌బాగులో రెండు విధాల కట్టడాలను ప్రక్కప్రక్కనే చూడవచ్చు. హైదరాలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోటలో ఒక గుట్ట ఉన్నది. ఆ రాయి వయస్సు 300 కోట్ల సంవత్సరాలు అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. దాని నెత్తిన కెంపేగౌడ పేరిట చిన్న గోపుర మంటపం. అదే తోటలో 1889లో శంకుస్థాపన జరిగిన గాజుటిల్లు, లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఒరవడిది. గాజుటిల్లు చక్కనిదే, పూల ప్రదర్శనలకు దాని తరువాతనే మరొకటి. కాని అది ఏ ఊళ్లోనైనా నిలువగలదు. గుట్టమీది మంటపాన్ని అక్కడనుంచి తీసి చదునునేల మీద పెడితే దానికి అర్థమే పోతుంది.

ఇప్పుడు మన గనులవైపు చూద్దాం. 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి ఈ ప్రాంతంలో బంగారమున్నదని నివేదించాడు. 1870లలో మైకేల్ లావెల్ అనుమతి సంపాదించి త్రవ్వకం ఆరంభించాడు. 1880 నుంచి జాన్ టేలర్ సంస్థ చేతికి వచ్చిన తరువాత చాంపియన్ రీఫ్, ఊరుగాం, మారికుప్పం, నందిదుర్గ పేర్లు ప్రపంచానికి తెలిశాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలనుంచి మనవారు, తమిళ సోదరులు వేలాదిగా వచ్చి వెదురు తట్టీల ఇండ్లలో కాపురం పెట్టారు. గనికి విద్యుత్తు 1902లో శివనసముద్రం నుంచి వచ్చింది. నీరు పాలారు మీది బేతమంగలం చెరువునుంచి గొట్టాల ద్వారా వచ్చింది. చాంపియన్ రీఫ్ లోతు 3 కిలోమీటర్లు దాటింది. నూటయిరవై ఏండ్లలో 800 టన్నులకు పైగా బంగారం పైకి తీశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి.

ఆ గని మన తాతలకు అన్నం పెట్టింది. దానిని నిందించటం మా ఉద్దేశం కాదు. కాని నేలతో దానికున్న సంబంధం ఒక్కటే: తీసుకొనటం. వెలుతురు ఒకచోటనుంచి, నీరు మరొకచోటనుంచి తెచ్చుకొని, రాతిని పిండిచేసి, బంగారం పుచ్చుకొని, పిప్పిని దిబ్బలు పోసింది. మూడు కోట్ల టన్నులకు మించిన ఆ సైనైడు దిబ్బలే ఇప్పుడు మన ఊరికి కొండలు. అదే రాతినేల మీద నాలుగు కంబాల మంటపం వందల ఏండ్లుగా ఎవరినీ ఏమీ అడగకుండా నీడనిస్తున్నది. రెండూ మనుష్యుని చేతిపనులే. ఒకటి చోటును అడిగి కట్టినది, రెండవది అడగకుండా త్రవ్వినది.

కనుక మన ఊరి ఉద్యానంలో మంటపం కట్టే రోజు వస్తే, ముందు కావలసినది నక్షా కాదు, ఓపిక. ఆ చోటిని ఒక ఏడాది చూడాలి. వాననీరు ఎటు పారుతుందో, సాయంకాలపు ఎండ ఏ కొమ్మల సందున దిగుతుందో గుర్తుపెట్టుకోవాలి. మన ఊరికి రెండు ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, కాలిక్రింద డొల్ల. పాత సొరంగాలున్నచోట నేలను నమ్మరాదు. గనుల పటాలు ఎరిగిన ఇంజనీరుకు చూపించాలి. రెండవది, దుమ్ము. పడమటి గాలి బలంగా వీచే మాసాలలో దిబ్బకు తూర్పున కూర్చున్నవాని నోట్లో పడేది దుమ్మే. చెట్ల వరుస అడ్డం ఉన్నచోటుననే కూర్చోవాలి. లేకుంటే ముందు చెట్లు నాటి, తరువాత మంటపం తలపెట్టాలి. ఉన్న చెట్టును కొట్టి నీడకోసం కప్పు వేయటం కన్న అవివేకం లేదు.

రాయి మన జిల్లాదే కావాలి. ద్రాక్షతోటల కంచెలకు నిలిపే రాతి కంబాలు ఈ సీమలో ఇప్పటికీ కొట్టుతున్నారు. ఆ చేతులకే పని ఇవ్వవచ్చు. కొలత పదిమందికి చాలు. వందమంది వస్తే చెట్టు క్రింద తిన్నెలున్నాయి. సిమెంటుతో శిల్పాలు పోసి రంగులు పూయవద్దు. దాత పేరు చెక్కించే తిన్నె ఖాళీగా ఉంటే, గనిలో ప్రాణాలు విడిచి ఏ రాతిమీదా పేరెక్కని కూలివానికి అది గౌరవం. తెలుగువారు కట్టినంతమాత్రాన అది తెలుగువారికే కాదు. ప్రొద్దున బెంగుళూరు రైలుకు పరుగెత్తి, రాత్రికి ఇల్లు చేరే మన ప్రక్కింటి తమిళ కుర్రవాడు, కన్నడపు అమ్మ, ఆదివారంనాడు అక్కడ కాళ్లు బార్లచాపుకొని కూర్చోవాలి.

పంచాంగ శ్రవణానికి, పచ్చడి పంచుకొనటానికి, పెద్దవారి చేత పాత కబుర్లు చెప్పించుకొనటానికి ఇంతకన్న పెద్ద భవనం అవసరం లేదు. ఈ నేలనుంచి నూటయిరవై ఏండ్లు తీసుకొన్నాము. నాలుగు కంబాలంత, ఒక చెట్టంత దానికి తిరిగి ఇవ్వటం మన తరానికి మిగిలిన పని. కొత్త సంవత్సరం ఆ ఓపికను మనకు ప్రసాదించుగాక!