పదకొండు ఆటలు

1954 ఐస్ హాకీ చరిత్రలో గుర్తుండిపోయిన సంవత్సరం. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని, మంచుగడ్డ మీద జారుతూ, వంపు కర్రతో పక్ అనే రబ్బరు బిళ్ళను కొట్టే ఆట ఇది. ఆ ఏడాది స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ పోటీలకు సోవియట్ యూనియన్ మొదటిసారి వచ్చింది. చివరి ఆటలో కెనడాను 7-2తో ఓడించి విజేతగా నిలిచింది. ఏప్రిల్‌లో అమెరికాలోని డెట్రాయిట్ జట్టు మాంట్రియల్ జట్టును ఏడో ఆటలో, అదనపు సమయంలో ఓడించి స్టాన్లీ కప్పు గెలుచుకుంది. ఆటల పుస్తకాలు ఈ రెండు సంగతులనూ చెబుతాయి.

మేము చెప్పదలచుకున్నది మూడో సంగతి. అదే 1953-54 సీజనులో చికాగో బ్లాక్ హాక్స్ జట్టు తరఫున ఒక ఆదివాసీ యువకుడు ఆడాడు. ఆయన ఫ్రెడ్ ససాకమూస్. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, క్రీ తెగలో 1933లో పుట్టారు. మాటలు రాని, చెవులు వినపడని తాత ఆయనకు విల్లో కొమ్మ చెక్కి కర్ర చేసి ఇచ్చాడు. మంచు మీద నిలబడటం నేర్పాడు.

ఆరేడేళ్ళ వయసులో ఆయన్ను ఇంటి నుంచి తీసుకుపోయి డక్ లేక్‌లోని రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ప్రభుత్వం డబ్బిచ్చి చర్చిల చేత నడిపించిన ఇలాంటి బడుల్లోకి సుమారు లక్షా యాభై వేలమంది ఆదివాసీ పిల్లలు వెళ్ళారు. ఎందరో తల్లిభాషకు దూరమయ్యారు. అక్కడ తనపై జరిగిన లైంగిక హింసను ఆయన పెద్దయ్యాక ధైర్యంగా బయటపెట్టారు. హాకీలో రాటుదేలింది కూడా ఆ బడిలోనే. అయినా ఆ ఘనత బడికి రాసివ్వలేం. మొదటి కర్ర తాతది.

చికాగో ఆ సీజనులో 70 ఆటల్లో 12 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచింది. ససాకమూస్ ఆడినవి 11 ఆటలు, చేసిన గోల్స్ సున్నా. తర్వాత ఆయన్ను కింది స్థాయి జట్లకు పంపారు. ఇంటిమీద బెంగ తీరక, కొన్నాళ్ళకు సొంత ఊరికే వచ్చేశారు. అక్కడ తన ప్రజలకు పెద్దగా పనిచేశారు, పిల్లలకు ఆటలు నేర్పించారు. 2017లో దేశం ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం ప్రకటించింది. 2020 నవంబరులో కరోనా ఆయన్ను తీసుకుపోయింది.

ఆ పెద్ద లీగులో ఆడిన మొదటి ఆదివాసీ ఆయనేనని చాలాకాలం అనుకున్నారు. కాని మోహాక్ తెగకు చెందిన హెన్రీ మరాకిల్ 1931లోనే న్యూయార్క్ రేంజర్స్‌కు ఆడాడు. మొదటివాడెవరో కూడా సరిగా రాసిపెట్టలేదన్నమాట. రెసిడెన్షియల్ స్కూళ్ళపై విచారించిన కమిషన్ 2015లో 94 సిఫారసులు చేసింది. ఆదివాసీ క్రీడాకారుల చరిత్రను దేశప్రజలకు చెప్పాలన్నది వాటిలో 87వది.

ఉపాధ్యాయ మిత్రులారా, మన పిల్లల చేత మన గూడేల ఆటగాళ్ళ పేర్లు, ఆడిన సంవత్సరాలు రాయిద్దాం. గెలిచినవాళ్ళవే కాదు, ఆడినవాళ్ళందరివీ. రాసిపెట్టకపోతే ఆ పదకొండు ఆటలు కూడా మనకు మిగలవు.