తుఫాను కాలానికి ఇంటి ఆహార నిల్వ: ముద్దనూరు ప్రాంత కుటుంబాలకు సూచనలు

ప్రత్యేక వ్యాసం

ముద్దనూరు: కడప జిల్లా పేరు వినగానే కరువు గుర్తుకు రావడం సహజం. జిల్లాలో ఏటా సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదవుతుంది. అందులో దాదాపు మూడో వంతు అక్టోబరు, డిసెంబరు మాసాల మధ్య ఈశాన్య రుతుపవనాల ద్వారా లభిస్తుంది. బంగాళాఖాతంలో తుఫానులు, వాయుగుండాలు ఏర్పడే కాలం కూడా ఇదే. కరువుకు ధాన్యం దాచుకోవడం ఈ ప్రాంత ప్రజలకు తరతరాల అలవాటు. అయితే వరదకు, గాలివానకు సిద్ధం కావడానికి అనుసరించవలసిన పద్ధతి వేరు. ఆ తేడాను వివరించి, ప్రతి కుటుంబం 7 రోజులకు ఉంచుకోదగిన నిల్వను సూచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటీవలి అనుభవాలు

2020 నవంబరు 25 అర్ధరాత్రి ప్రాంతంలో నివర్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. తీరానికి దూరంగా ఉన్నప్పటికీ కడప జిల్లాలో దాని ప్రభావంతో భారీ వర్షాలు కురిశాయి. మరుసటి ఏడాది నవంబరు 19న చెయ్యేరు వరద ఉధృతికి రాజంపేట ప్రాంతంలోని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ గ్రామాలలో తీవ్ర ప్రాణనష్టం, ఆస్తినష్టం సంభవించాయి. 2021 నవంబరు 21న పాపాఘ్ని వరదకు కమలాపురం వద్ద వంతెన కూలిపోయి, కడప మార్గంలో రాకపోకలు నిలిచిపోయాయి.

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు చేరాలంటే పెన్నా నదిని దాటాలి. కమలాపురం మీదుగా కడప చేరాలంటే పాపాఘ్నిని దాటాలి. పల్లెల దారులలో వంకలు, వాగులు అడ్డుపడతాయి. నీటి ఉధృతి తగ్గేవరకు సరుకులు గాని, సహాయక బృందాలు గాని గ్రామాలకు చేరడం కష్టం. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం సమీపంలోనే ఉన్నా, గాలివానకు పంపిణీ తీగలు తెగితే ఇంటికి కరెంటు రాదు. కరెంటు లేనిదే బోరు నడవదు, పిండిమర తిరగదు. కాబట్టి సహాయం అందేవరకు కుటుంబాన్ని నిలబెట్టేది ఇంట్లోని నిల్వ మాత్రమే.

కరువు నిల్వ, వరద నిల్వ

గండికోటలో రాతితో నిర్మించిన ధాన్యాగారం నేటికీ నిలిచి ఉంది. పల్లెలలో పూర్వం గాదెలు, మట్టిబానలు, జొన్నలు దాచే పాతరలు వాడుకలో ఉండేవి. కరువు కాలానికి పాతర ఎంతో అనువైనది. వరద కాలంలో భూగర్భంలోని ధాన్యమే అన్నిటికన్నా ముందు తడుస్తుంది. అందువలన తుఫాను కాలపు నిల్వకు మూడు నియమాలు ముఖ్యం: నేలకు ఎత్తున అటక మీదనో, గట్టి అల్మారా పై అరలోనో ఉంచాలి, గట్టి మూత ఉన్న డబ్బాలలో భద్రపరచాలి, కొంత భాగం పొయ్యి వెలిగించకుండానే తినగలిగేదై ఉండాలి.

మొదటి 3 రోజులు: వంట అవసరం లేని ఆహారం

నలుగురు ఉన్న కుటుంబానికి 3 రోజుల నిమిత్తం:

- అటుకులు 2 కిలోలు
- బొరుగులు 1 కిలో
- పుట్నాల పప్పు 1 కిలో
- వేయించిన వేరుశనగ విత్తనాలు 1 కిలో
- బెల్లం 1 కిలో

వీటి నుంచి ఒక్కొక్కరికి రోజుకు సుమారు 1,900 కిలోక్యాలరీల శక్తి లభిస్తుంది. ఊరగాయ, పప్పుల పొడి తోడైతే రుచికి లోటు ఉండదు. పసిబిడ్డలకు తల్లిపాలను ఆపరాదు.

తరువాతి 4 రోజులు: వండుకొనే ఆహారం

- బియ్యం, జొన్నలు, కొర్రలు, రాగిపిండి కలిపి: మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున 6 కిలోల 400 గ్రాములు
- కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు కలిపి: రోజుకు 80 గ్రాముల చొప్పున 1 కిలో 280 గ్రాములు
- వంటనూనె అర లీటరు
- ఉప్పు, చింతపండు, ఎండుమిరప, పసుపు తగినంత

జొన్నలు పిండి పట్టిస్తే త్వరగా చేదెక్కుతాయి. గింజలుగానే ఉంచి, వాతావరణ హెచ్చరిక వెలువడిన వెంటనే కొంత భాగం పిండి పట్టించుకోవాలి. వంటగ్యాస్ సిలిండరులో ఎంత మిగిలి ఉన్నదీ ముందే చూసుకోవాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణాంతకం.

తాగునీరు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున నలుగురికి 3 రోజులకు 48 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు నింపుకుంటే సరిపోతుంది. వరద సోకిన బావి నీటిని, బోరు నీటిని బాగా మరిగించి గాని, 20 లీటర్లకు ఒక అర గ్రాము క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగిన తరువాత గాని వాడుకోవాలి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ద్రావణం ఇవ్వాలి. ప్యాకెట్ లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు.

బూజు పట్టిన వేరుశనగతో ముప్పు

ఈ ప్రాంతంలో వేరుశనగ అనేక ఇళ్లలో నిల్వ ఉంటుంది. తడిసిన కాయలపై పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా తొలగిపోదు. బూజు పట్టిన, రంగు మారిన, ముడతలు పడిన గింజలను తినరాదు, పశువులకు కూడా పెట్టరాదు. వరద నీరు తగిలిన పిండి, పప్పులు, చక్కెర ఎండబెట్టి వాడుకోవాలన్న ఆలోచన విడనాడాలి. పప్పులకు ఆముదం పట్టించడం, గింజల డబ్బాలో ఎండు వేపాకు వేయడం వంటి పాత పద్ధతులు పురుగు నివారణకు ఉపకరిస్తాయి గాని తేమను ఆపలేవు. బాగా ఎండబెట్టడం ఒక్కటే తేమకు విరుగుడు.

భారం లేకుండా సమకూర్చుకోవడం

ఒకేసారి కొనుగోలు చేయడం కూలి కుటుంబాలకు సాధ్యం కాదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వంట చేసే ముందు రోజుకు 100 గ్రాముల గింజలు పక్కన పెడితే 61 రోజులలో 6 కిలోలకు పైగా సమకూరుతుంది. భూకంపాలకు నెలవైన జపాన్‌లో ప్రభుత్వం కనీసం 3 రోజులు, వీలైతే వారం రోజుల ఆహారం ఇంట్లో ఉంచుకోవాలని ప్రజలకు సూచిస్తుంది. పాతవి ముందు వాడుకుంటూ, వాడినంత మేరకు తిరిగి నింపే పద్ధతిని అక్కడ ప్రోత్సహిస్తారు. ఇక్కడ కూడా అదే పద్ధతి అనుసరణీయం. దాని వలన నిల్వ చెడిపోదు, అదనపు వ్యయం ఉండదు.

ఆహారంతో పాటు ఉంచుకోవలసినవి

రోజూ వాడే మందులు రెండు వారాలకు, టార్చిలైటు, అదనపు బ్యాటరీలు, అగ్గిపెట్టె, ఛార్జి చేసిన సెల్‌ఫోను సిద్ధంగా ఉండాలి. రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో భద్రపరచాలి. ఇల్లు ఖాళీ చేయవలసిందిగా అధికారులు ఆదేశించినప్పుడు నిల్వ సరుకుల కోసం ఇంట్లో ఆగిపోరాదు. అటుకులు, బెల్లం, నీరు, మందులు ఉన్న ఒక్క సంచితో బయలుదేరాలి. అత్యవసర సమయాలలో 112, 1070 నంబర్లకు, అంబులెన్సు కొరకు 108 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఈ జాగ్రత్తలు అక్టోబరు రాకముందే ఇంటింటికీ చేరినప్పుడే ప్రయోజనం నెరవేరుతుంది. తుఫాను హెచ్చరిక వెలువడిన తరువాత అంగడికి పరుగెత్తే కుటుంబానికి సరుకు దొరకకపోవచ్చు, దొరికినా ధర అందుబాటులో ఉండకపోవచ్చు. గ్రామస్థాయి సిబ్బంది సెప్టెంబరు సమావేశాలలో ఈ జాబితాను చదివి వినిపించడం, పాత్రికేయులు స్థానిక సంచికలలో ప్రచురించడం ద్వారా సన్నద్ధత సకాలంలో సాధ్యమవుతుంది.