పల్నాటి గూడుబండి

పల్నాడు అనగానే కోడిపోరు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగం మనకు జ్ఞాపకం వస్తాయి. ఆ వీరులను గురించి కవులున్నూ చరిత్రకారులున్నూ విస్తారంగా వ్రాసినారు. కాని ఏటేటా కార్తీక అమావాస్యకు కారెంపూడి వీరుల తిరునాళ్ళకు, మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలివచ్చిన వేలాది జనం ఎట్లా ప్రయాణం చేసినారు, దారిలో ఎక్కడ తలవాల్చినారు, ఏమి వండుకొని తిన్నారు అన్న సంగతిని పట్టించుకొన్నవారు తక్కువ. వీరుడి కత్తికి గుడిలో పూజ జరుగుతున్నది. భక్తుణ్ణి గుడిదాకా మోసిన బండికి మాత్రం చరిత్రలో చోటు దొరకలేదు.

ఈ ఆలోచన నాకు కలిగిన సందర్భం కొంచెం విచిత్రమైనది. 1930 ప్రాంతంలో అమెరికా దేశంలో ఒక వేడుక బయలుదేరింది. సామాన్య గృహస్థులు తమ పెరటి కొట్టంలోనే ప్లైవుడ్ పలకలు కోసి, చిన్న పెట్టె వంటి గది కట్టి, దానిని పాత మోటారుకారు ఇరుసు మీద నిలిపి, కారు వెనుక తగిలించుకొని అడవులకు, కొండలకు విహారం పోయేవారు. ముందు గుండ్రంగా ఉండి వెనుకకు సన్నగిల్లే ఆకారాన్ని బట్టి దానికి ‘టియర్‌డ్రాప్’, అనగా కన్నీటిబొట్టు, అని పేరు వచ్చింది. లోపల ఇద్దరు పడుకోవడానికి పరుపు. నిలబడడానికి వీలులేదు. వెనుకవైపు మూత పైకెత్తితే అక్కడ వంటసామాను. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఈ మోజు మరింత పెరిగింది. దీనిని ఇంటివద్దనే కట్టుకొనే విధానాన్ని పటాలతో సహా అక్కడి పత్రికలు అచ్చువేసినాయి. అటువంటి పటం ఒకటి నా చేతికి వచ్చింది. దానిని చూస్తూ ఉంటే ఎక్కడో చూసిన వస్తువే అనిపించింది. రెండు చక్రాలు, కమాను వంటి పైకప్పు, లోపల ఒక పడక, వెనుక వంట. అది మా తాతగారి గూడుబండి! కారుకు బదులు ఒక జత ఒంగోలు గిత్తలు ఉంటే సరిపోయేది.

అయితే మన దేశంలో బండి అనాదిగా ఉన్నది గదా, దానికి చరిత్ర ఏమిటని శ్రోతలు అడగవచ్చును. బండి అనాదిదే, బాటలే అర్వాచీనమైనవి. పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యంలో సంచరించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియె ఈ ప్రాంతాలలో బండ్లు నడిచే బాటలు లేవని, సరకంతా ఎద్దుల వీపుల మీదనే పోతున్నదని వ్రాసినాడు. తాను ఒక చిన్న బండిని వజ్రాల గనులకు తీసుకొనిపోవడానికి, దారి బాగాలేని చోటులలో దానిని ఊడదీసి, మోయించి, మళ్ళీ బిగించవలసి వచ్చిందట. ఆయన చూసిన గనులలో పెద్దది కృష్ణ ఒడ్డున ఉన్న మన కొల్లూరు గని. కోహినూరు అక్కడనే దొరికినదని వాడుక. ఆ గనిలో స్త్రీలు, పిల్లలతో కలిపి సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని ఆయన అంచనా. ఆ చోటు ఈనాడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్నది. అంతమంది నోటికి అందవలసిన గింజ, ఉప్పు బండి మీద రాలేదన్నమాట.

ఎవరు తెచ్చినారు? లంబాడీలు. పెరికె ఎద్దులను వేలకువేలు తోలుకొని, కోస్తా ఉప్పును పైనాటికిన్నీ, పైనాటి ధాన్యాన్ని దిగువకున్నూ చేరవేసినవారు వారే. ఒక్కొక్క గుంపులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవని టావెర్నియె మాట. ఆ గుంపు దారికి అడ్డం వస్తే ప్రయాణికుడు రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట! వారికి ప్రయాణమే కాపురం. ఆడవారు, పిల్లలు, కుక్కలు అంతా ఆ మందతోనే నడిచేవారు. మజిలీలో బస్తాలను గోడవలె చుట్టూ పేర్చి, దాని మధ్య పడుకొనేవారు. చక్రం లేని ఇల్లు అది. పందొమ్మిదవ శతాబ్దంలో కంకర బాటలు, ఆ తరువాత రైలు వచ్చి ఆ వర్తకాన్ని మింగివేసినాయి. మాచర్ల, గురజాల ప్రాంతాలలో నేడు మనం చూసే తండాలు ఆ సంచారం ఆగిపోయిన తరువాత స్థిరపడిన ఊళ్ళు. బాట వచ్చి మనకు బండి నిచ్చింది, వారి బ్రతుకుతెరువు తీసివేసింది. గూడుబండిని పొగిడేటప్పుడు ఈ మాట మరచిపోవడం న్యాయం కాదు.

1830 లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా బోయీలను, పల్లకీలను, డేరాలను నమ్ముకొన్నారే గాని బండిని నమ్ముకోలేదు. పల్లకీ ఉన్నవాడికి డేరా ఉంటుంది. రెండూ లేని రైతుకు కాలినడకే గతి. సామాన్య కుటుంబం ఇల్లాలు పిల్లలతో సహా, ఒకరి భుజం మీద భారం వేయకుండా దూరప్రయాణం చేయగలిగింది బాటల మీద బండ్లు సాగిన తరువాతనే.

ఇక ఆ బండి కట్టడం. ఇది ఏ కర్మాగారంలోనూ తయారైన వస్తువు కాదు. ఊరి వడ్రంగి, ఊరి కమ్మరి, ఆ మీదట ఇంటి యజమాని, ముగ్గురి చేతి పని. చక్రం నడుమ ఇరుసు దూరే కుండకు, ఆకులకు బాగా చేవదేరిన తుమ్మ కావాలి. తుమ్మను నరికి నీటిలో నానవేసి, నీడలో ఆరవేసి, ఆ తరువాతనే ఉలి పెట్టేవారు. పచ్చికర్రతో చేసిన చక్రం మొదటి వేసవిలోనే వదులై కిర్రుమంటుంది. సాధారణంగా చక్రానికి పన్నెండు ఆకులు, చుట్టూ ఆరు వంపు దిమ్మెలు. ఒక్కొక్క దిమ్మెకు రెండేసి ఆకులు. మేకు అన్నది లేకుండా కర్రలో కర్ర కూర్చి బిగించడమే ఇందులోని విద్య.

అటుపైన కమ్మరి వంతు. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటె రవంత తక్కువగా వంచి అతికేవాడు. దానిని నేలమీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడితే ఎర్రగా కాగి సాగుతుంది. నలుగురు మనుషులు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో దిగగొట్టి, వెంటనే కడవలతో నీళ్ళు గుమ్మరించేవారు. ఇనుము చల్లబడి కుంచించుకొనిపోతూ ఆకులను, దిమ్మెలను, కుండను ఒక్కటిగా నొక్కిపట్టేది. ఆ క్షణంలో కర్ర కీళ్ళు బిగిసే చప్పుడును బట్టి చక్రం ఎన్నాళ్ళు నిలిచేదీ పెద్ద వడ్రంగి చెప్పగలిగేవాడు. చిన్నతనంలో మేము బడి ఎగవేసి మరీ ఈ తతంగం చూసేవాళ్ళం. కందెన సంగతి శతకకారుడే చెప్పినాడు గనుక నేను చెప్పనక్కరలేదు. ఆముదంలో కాల్చిన గడ్డిమసి కలిపిన ఆ కందెనను వెదురు గొట్టంలో పోసి బండికి వ్రేలాడదీసేవారని మాత్రం అంటాను.

గూడు కట్టడం మాత్రం ఇంటివారి పని. వెదురు బద్దలను విల్లువలె వంచి, అడ్డబద్దలతో అల్లి, పైన ఈతచాపలు కప్పి తాళ్ళతో కుట్టేవారు. కలిగినవారు దానిపైన రంగుగుడ్డ వేసి, ముందు వెనుక తెరలు కట్టేవారు. అడుగున జొన్నచొప్ప పరచి, దాని మీద బొంత, బొంత మీద జంపఖానా. సాగరు నీరు రాకమునుపు మా మెట్టసీమలో వరిగడ్డి అపురూపం. చొప్ప గుచ్చుకొనేది, ఆ మాట నిజమే. కాని అది పడకకు పడక, ఎడ్లకు మేత. పోయేటప్పుడు మోకాలి ఎత్తు ఉన్న పరుపు తిరిగి వచ్చేసరికి పలచబడి పలకలు తగిలేవి. ఎడ్లు తినివేసిన పరుపు మీద పడుకొని ఇల్లు చేరడం ఒక అనుభవం! బండి క్రింద చిక్కంలో కుండలు, వెనుక బియ్యపు మూట, పచ్చడి జాడీ. సాయంకాలం ఏ చింతతోపులోనో ఎడ్లను విప్పి, నొగలకు ఊతకర్ర పెట్టి, బండి వెనుక మూడు రాళ్ళు పేర్చి మా మేనత్త అన్నం వార్చేది. మగవారు బండిక్రింద, ఆడవారు, పిల్లలు గూటిలో. లాంతరు ఇరుసుకు వ్రేలాడుతూ ఉండేది.

శివరాత్రికి కోటప్పకొండ చుట్టూ ఇటువంటి గూళ్ళతో ఒక రాత్రి నగరం వెలిసేది. ఊరూరి నుంచి వచ్చే ప్రభలు కూడా బండ్లే. వెదురు, గుడ్డ, రంగు కాగితాలతో ఆకాశానికి ఎత్తిన బండ్లు. అంతటి జనంలో ఎద్దు బెదరితే ఏమవుతుందో 1909 ఫిబ్రవరి 18 నాటి ఘటన చెబుతుంది. ఆ తిరునాళ్ళలో చిన్నపరెడ్డి అనే రైతు ఎడ్లు బెదరి జనం మీదికి పోగా పోలీసులు వాటిని కాల్చి చంపినారు. జనం తిరగబడి పోలీసుల పాకను తగులబెట్టినారు. ప్రాణాలు పోయినాయి. చిన్నపరెడ్డికి ఉరిశిక్ష పడింది. అతని మీద పుట్టిన పాటను పల్లెలలో చాలాకాలం పాడుకొన్నారు. దీనిని రాజకీయ తిరుగుబాటుగా వ్రాసినవారు ఉన్నారు. కావచ్చును. కాని మా తాతగారు ఆ కథ చెప్పినప్పుడు సర్కారు మాట కంటె ఎడ్ల మాటే ముందు వచ్చేది. ఇంటిల్లిపాదినీ మోసుకొని వచ్చిన జతను కళ్ళయెదుట కూల్చితే రైతు గుండె ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు.

1955 డిసెంబరు 10 న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 లో కాలువలకు నీరు విడిచినారు. వరితో పాటు బస్సులు, టైరుబండ్లు, ట్రాక్టర్లు వచ్చినాయి. ఇనుప పట్టా పోయి రబ్బరు చక్రం రాగానే వడ్రంగికి పని సగం తగ్గింది, కమ్మరికి దాదాపు పోయింది. ఎద్దు మెడకు ఇది సుఖమే, కాదనను. ప్రభలకు విద్యుద్దీపాలు వచ్చినాయి.

కొన్నేళ్ళ క్రిందట గురజాల ప్రాంతంలో ఒక వృద్ధ వడ్రంగిని కలుసుకొన్నాను. అమెరికా వారి పటం ఆయనకు చూపించి, మన బండికి ఇటువంటి పటం ఏమైనా ఉన్నదా తాతా అని అడిగినాను. ఆయన నవ్వి, దూలం సందులో నుంచి మూరెడు టేకుకర్ర ఒకటి తీసినాడు. దానిమీద వరుసగా గాట్లు ఉన్నాయి. “ఇది మా నాయన కొలకర్ర బాబూ. ఇది ఆకు మందం, ఇది కుండ లోతు, ఇది దిమ్మె వెడల్పు, ఇది ఇరుసు బెజ్జం” అని ఒక్కొక్కటే వ్రేలితో చూపుతూ వచ్చినాడు. అయిదవ గాటు దగ్గర వ్రేలు ఆగింది. చాలాసేపు ఆలోచించినాడు. అది దేనికో ఆయనకు జ్ఞాపకం రాలేదు.